ఆ చప్పుడు ఎప్పుడొస్తోంది, బిడ్డా?

కాజీపేట

చిరంజీవి బిడ్డకు మామ దీవించి రాయునది.

నిన్న రాత్రి పదకొండు గంటలకు ఫోన్ చేసి, "మామా, ఏసీ ఏదో సౌండ్ చేస్తోంది, పేలిపోతుందేమో" అన్నావు. ఎట్లాంటి సౌండ్ అంటే "అదే, ఏదోలాగా" అన్నావు. ఫోన్ దాని దగ్గర పెట్టమంటే నాకు వినపడింది మీ వీధి కుక్కల అరుపులే. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని ఇది రాస్తున్నా.

నేను లోకో షెడ్డులో కొత్తగా చేరినప్పుడు మా మేస్త్రి పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన బేరింగ్ గూటికి ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకొమ్మనేవాడు. మంచి బేరింగైతే సన్నగా జుయ్‌మంటుంది. పోయేదైతే ఇసుక నమిలినట్టు కరకరలాడుతుంది. (నువ్వు మాత్రం ఇంట్లో ఆ పని చేయకు, కరెంటుతో ఆటలొద్దు.) ఎవరైనా "ఇంజిన్‌లో చప్పుడొస్తోంది సార్" అంటే ఆయన ముందు అడిగేది "ఎప్పుడు?" అని. స్టార్ట్ చేయగానేనా, నడుస్తున్నంతసేపా, ఆపాకనా? ఏసీకైనా అదే లెక్క.

ఆన్ చేసిన కాసేపటికీ, ఆపిన కాసేపటికీ లోపలి యూనిట్ టప్పు టప్పుమంటే పట్టించుకోకు. మీ గోదావరిఖని ఎండలకు కాగిన ప్లాస్టిక్ ఒక్కసారిగా చల్లబడి ముడుచుకుంటుంది, తర్వాత మళ్లీ సాగుతుంది. సాయంత్రం రేకుల షెడ్డు టక్కుమన్నట్టే. ఆపాక ఒకటి రెండు నిమిషాలు నీళ్లు పారినట్టో, సన్నగా స్‌స్ అనో వస్తే అది పైపుల్లో గ్యాస్ సర్దుకోవడం.

అదే స్‌స్ ఏసీ నడుస్తున్నంతసేపూ వస్తూ, చల్లదనం తగ్గి, సన్న రాగి పైపు మీద మంచు పేరుకుందనుకో, గ్యాస్ లీకవుతున్నట్టు అనుమానించాలి. ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకో. "గ్యాస్ అయిపోయింది మేడం, కొట్టాలి" అని ఏటా డబ్బులు తీసుకునేవాళ్లున్నారు. అది బండిలో పెట్రోల్ లాగా ఖర్చయ్యేది కాదు. మూసిన పైపుల్లోనే తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. ముందు లీకు పట్టుకుని అతకాలి, ఆ తర్వాతే గ్యాస్. కొత్త ఏసీల్లో ఎక్కువగా వాడే ఆర్-32 గ్యాస్‌కు అంటుకునే గుణం కూడా ఉంది. లీకు అనుమానముంటే కిటికీలు తెరిచి, అగరుబత్తి కూడా వెలిగించకు.

ఇక నీ సంగతి. గుచ్చి గుచ్చి అడిగితే చివరకు చెప్పావు: బయటి యూనిట్ గుయ్‌మని మూలిగి, టక్కుమని ఆగి, కొద్ది నిమిషాలకు మళ్లీ మూలుగుతోందని. మీ ఓనరు పెట్టించింది పాత రకం, మోటారు వేగం తనే పెంచుకుని తగ్గించుకునే ఇన్వర్టర్ ఏసీ కాదు. దాంట్లో ఈ మూలుగు వస్తే కంప్రెసర్, అంటే గ్యాస్‌ను నొక్కి తిప్పే మోటారు, లేవాలని చూసి లేవలేకపోతోందన్నమాట. కాలిపోకుండా దాని లోపలి రక్షణ స్విచ్ ఆపేస్తోంది, ఆ టక్కు అదే. నాకు రెండింటి మీద అనుమానం. ఒకటి వోల్టేజ్. రాత్రి వీధిలో అన్ని ఏసీలూ ఒకేసారి నడుస్తాయి కదా, స్టెబిలైజర్ మీద అంకె చూడు. 230 దగ్గర ఉండాల్సింది బాగా పడిపోతుంటే తప్పు ఏసీది కాదు. రెండోది కెపాసిటర్. మోటారుకు మొదటి తోపు ఇచ్చేది అదే, ఎండలకు త్వరగా దెబ్బతింటుంది. అది పోతే మార్చడం మెకానిక్‌కు పెద్ద పనేం కాదు. కానీ స్విచ్ ఆపినా దాంట్లో కరెంటు నిలిచే ఉంటుంది. అల్లుడికి వీడియోలు చూసి విప్పే సరదా ఉంది కదా, ఆయన చేతికి స్క్రూడ్రైవర్ ఇవ్వకు. నేను చెప్పానని చెప్పు.

అన్నట్టు, ఆగిందని వెంటనే రిమోట్ నొక్కొద్దు. కనీసం మూడు నిమిషాలు ఆగాలి. లేకపోతే ఆ మూలుగు నువ్వే తెప్పించినదానివవుతావు.

గడగడ అంటే చాలాసార్లు వదులైన స్క్రూనో, స్టాండ్ కింద అరిగిన రబ్బరో. లోపలి యూనిట్ మూతను అరచేత్తో మెల్లగా నొక్కు. చప్పుడాగితే మూతో, ఫిల్టరో సరిగ్గా కూర్చోలేదని. బయటిది మెకానిక్‌కే వదిలెయ్, బాల్కనీ మీంచి వంగొద్దు.

హోరు రోజురోజుకీ పెరుగుతుంటే దుమ్ము. ఏనుమాముల మార్కెట్ దగ్గర మా స్నేహితుడి ఇంట్లో బయటి యూనిట్ జల్లెడ నిండా పత్తి నుసి, మిర్చి దుమ్ము పట్టి అట్టకట్టింది. బ్రష్ పెట్టగానే మెకానిక్ తుమ్మిన తుమ్ములు అటు పక్కవాళ్లకు కూడా వినపడ్డాయి. నీళ్లతో కడిగాక సగం హోరు పోయింది. మీ దగ్గర బొగ్గు దుమ్ము, ఎండాకాలం మొదలయ్యే ముందే కడిగించాల్సింది.

హాల్లో కూలర్ కీచుమంటే మోటారు బుష్ ఎండిందని. రెండు చుక్కల మెషిన్ ఆయిల్ చాలు, కొబ్బరినూనె వద్దు. నేను "రేపు చూద్దాం" అని ఒక వేసవంతా ఆ కీచు విన్నాను. మోటారు కాలింది. మీ అత్త ఇప్పటికీ చుట్టాలొస్తే ఆ కథ ఎత్తుతుంది. నీళ్లు పోసేటప్పుడు మాత్రం స్విచ్ ఆపడంతో సరిపెట్టకు, ప్లగ్గు పీకు. కూలర్ షాక్ వార్త పేపర్లో రాని ఎండాకాలం ఉందా?

చలికాలంలో గీజర్ పటపటలాడితే బోరు నీళ్ల సున్నం కాయిల్‌కు పట్టిందని గుర్తు. అది అప్పుడు చూద్దాం.

ఏ యూనిట్ నుంచైనా చిటచిటతో పాటు కాలిన వాసన వస్తే మాత్రం ఆలోచించకు. రిమోట్ కాదు, కరెంటు బోర్డులో ఎంసీబీ (ట్రిప్పయ్యే స్విచ్) దించేయ్.

ఈ రెండు రోజులు చిన్న కాగితం మీద రాసిపెట్టు: ఎన్ని గంటలకు మూలిగింది, అప్పుడు స్టెబిలైజర్ మీద అంకె ఎంత, బయట ఫ్యాన్ తిరుగుతోందా లేదా. ఆ కాగితం చేతికిస్తే మెకానిక్ నీకు కథలు చెప్పలేడు. ఆదివారం పొద్దున రైలుకు రామగుండంలో దిగుతా. అల్లుణ్ని స్టేషన్‌కు రమ్మను, ఓనర్‌ను అడిగి నిచ్చెన తెచ్చిపెట్టు. మీ అత్త మామిడికాయ తొక్కు డబ్బా కట్టింది, బరువు నాదే.

మీ మామ