బాల్ పైథాన్ పిల్ల తినకపోతే నోరు తెరిచి బలవంతంగా పెట్టొచ్చా?

వద్దండీ. ఆ ఆలోచన ముందు మానుకోండి. అమెరికాలో పెట్ షాపులో కొన్న బాల్ పైథాన్ (ఇళ్ళలో పెంచుకునే, విషం లేని చిన్న కొండచిలువ) పిల్ల వారాలు గడుస్తున్నా ఎలుకను ముట్టడం లేదని, ఎవరో వీడియోలో నోరు తెరిచి కుక్కుతుంటే చూశామని మీరు రాశారు. అలా కుక్కితే నోరు, గొంతు చీరుకుపోవచ్చు. మింగింది కక్కేసుకుంటుంది కూడా. గత్యంతరం లేనప్పుడు పాముల వైద్యం తెలిసిన డాక్టరు చేయాల్సిన పని అది. మీ పాము పిల్లకు జబ్బు లేదనే నా నమ్మకం. అది బెదిరిపోయి ఉంది. బెదురు తీరితే దానంతటదే తింటుంది.

మేం టెక్సస్‌లో ఉంటాం. మా పెద్దమ్మాయి పట్టుబట్టి తెచ్చుకున్న పాము పిల్లదీ ఇదే వరస. షాపువాళ్ళు పెద్ద గాజు తొట్టె, పైన ఒక బల్బు, దాక్కోవడానికి రెండు వైపులా తెరిచి ఉన్న చెక్క దొప్ప ఇచ్చారు. ఇంతకుముందు ఏం తినేదని అడిగితే షాపులో ఎవరికీ తెలియదు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. ప్రాణంతో ఉన్నదాన్ని అమ్ముతూ, అది తింటున్నదో లేదో కూడా రాసి పెట్టుకోరా? పాముల్ని పిల్లలు చేయించి అమ్మే మంచి బ్రీడర్ అయితే చివరిసారి ఏ రోజు తిన్నదీ, బతికున్న చుంచెలుకా, చంపి గడ్డకట్టించిన ఫ్రోజెన్ ఎలుకా అన్నదీ చీటీ మీద రాసిస్తాడు. సగం సమస్య ఆ చీటీతోనే తేలిపోతుంది. చుంచెలుకలకు అలవాటు పడ్డ పిల్ల పెద్ద జాతి ఎలుక పిల్లను తిండిగా గుర్తుపట్టదు. చుంచెలుకలు పడుకున్న రంపపు పొట్టులో దాన్ని దొర్లించి ఇస్తే ఆ వాసనకు చాలాసార్లు ఒప్పుకుంటుంది.

ఈ పాముల సొంత ఊరు ఘనా, టోగో, బెనిన్ వైపు. అక్కడ పగలంతా ఎలుక కలుగుల్లో, చెదపుట్టల్లో దూరి ఉంటాయి. ఒంటికి అన్ని వైపులా గోడ తగిలితేనే వాటికి ధైర్యం. అలాంటిదాన్ని గాజు తొట్టెలో, హాల్లో టీవీ పక్కన పెట్టి తినమంటే ఎలా తింటుంది? తొట్టెకు మూడు వైపులా నల్ల కాగితం అతికించండి. చుట్టచుట్టుకుంటే సరిగ్గా పట్టేంత ఇరుకు డబ్బాలు రెండు, ఒక్కో చిన్న కంతతో, వెచ్చటి వైపు ఒకటి, చల్లటి వైపు ఒకటి పెట్టండి. వెచ్చటి వైపు నేల 88 నుంచి 92 డిగ్రీల ఫారన్‌హీట్, రెండో వైపు 78 దగ్గర, తేమ 60 శాతానికి తగ్గకుండా ఉండాలి. తొట్టె కింద వేడినిచ్చే హీట్ మ్యాట్‌కు, వేడి మించకుండా చూసే థర్మోస్టాట్ తప్పనిసరి. వేడి, తేమ చూడటానికి గాజుకు అతికించే గుండ్రటి మీటర్లను అస్సలు నమ్మకండి. తర్వాత ఒక వారం దాన్ని ముట్టుకోవద్దు. నీళ్ళు మార్చడానికి తప్ప మూత తీయొద్దు. ఇంట్లో పిల్లలకు ఇది చెప్పడమే కష్టం, నాకు తెలుసు. ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ పామును చేతిలో పెట్టి ఫొటోలు తీసే సరదా మాత్రం ఆపేయాలి.

అప్పుడు మా అత్తగారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. "నాగులచవితికి పుట్టలో పాలు పోస్తాం కదమ్మా, దీనికీ గిన్నెలో పెట్టి చూడకూడదూ" అన్నారు. ప్రేమతోనే అన్నారు. కానీ పాముకు పాలు అరగవు. పండక్కి పాములవాళ్ళు తెచ్చే పాములు తాగుతున్నాయంటే, ముందు రోజుల తరబడి నీళ్ళు లేకుండా మాడ్చినందుకే. ఆవిడకు ఇదంతా చెప్తే చాలాసేపు బాధపడ్డారు. పాము నోట్లో బలవంతంగా ఏదో ఒకటి పోసే పద్ధతి అక్కడా ఇక్కడా ఒకటే, అందుకే నాకింత కోపం.

మా పాము పిల్ల తిన్న రాత్రి సంగతి చెప్తాను, మీకు పనికొస్తుంది. ఎలుక పిల్ల పాము ఒంట్లో లావుపాటి చోటుకు మించి లావు ఉండకూడదు. ముందురోజు ఫ్రీజర్‌లోంచి ఫ్రిజ్‌లోకి మార్చి, జిప్ కవర్లో పెట్టి వేడినీళ్ళలో ఉంచాం. మైక్రోవేవ్ జోలికి పోవద్దు, లోపల ఉడికిపోతుంది. తడి తుడిచి, తలకాయ మీద హెయిర్ డ్రయ్యర్ పట్టి 100 డిగ్రీల ఫారన్‌హీట్‌కు తెచ్చాం. ఈ పాముకు పైపెదవి వెంట వరసగా చిన్న గుంటలుంటాయి, వాటితో వేడిని పసిగడుతుంది. చల్లటి ఎలుక దాని లెక్కలో తిండే కాదు.

లైట్లన్నీ తీసేశాం. డబ్బా కంతలోంచి ముట్టె ఒక్కటే బయటికి ఉంది. మా అమ్మాయి పొడవాటి పట్టకారుతో ఎలుకను తోక దగ్గర పట్టుకుని, కంత ముందు కొంచెం కదిలించి ఆపింది. నాలుక గబగబా ఆడుతున్నది కాస్తా నెమ్మదించి, పొడుగ్గా సాగడం మొదలైంది. మెడ వెనక్కి మెలిపడింది. ఒక్క దెబ్బ! కళ్ళు మూసి తెరిచేలోగా ఎలుక మూడు చుట్ల మధ్య ఉంది. పట్టకారుతో మెల్లగా లాగితే ఇంకా బిగించింది. అలా లాగాలి, బతికున్నదనుకుని వదలదు. తర్వాత తల ఎటుందో వెతుక్కుని ఒక దవడ, ఇంకో దవడ మార్చి మార్చి జరుపుతూ మింగింది. మా అమ్మాయి నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందో చెప్పలేను.

మీ పిల్ల అలా కాటు వేయకపోతే రోజూ వెంటపడొద్దు, ఐదారు రోజులు ఆగండి. ఈసారి గాలికి చిల్లులున్న చిన్న డబ్బాలో పామునూ వెచ్చటి చచ్చిన ఎలుకనూ కలిపి, ఆ డబ్బాను తొట్టెలోనే రాత్రంతా ఉంచండి. బతికున్న ఎలుకనైతే ఒంటరిగా వదలొద్దు, పామునే కొరుకుతుంది. కళ్ళు నీలంగా మసకబారితే కుబుసం విడవబోతోందని అర్థం, అది అయ్యేదాకా పెట్టకండి.

వంటింటి త్రాసు మీద వారానికోసారి తూచి రాసుకోండి. బరువు పదో వంతు తగ్గినా, నోట్లో నురగ కనిపించినా, ఊపిరిలో ఈల వినిపించినా రెప్టైల్ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఇప్పుడు అది ఎన్ని గ్రాములుందో, ఎలాంటి డబ్బాలో దాక్కుంటోందో, షాపువాళ్ళు ఏం పెట్టేవారో కనుక్కుని కింద రాయండి. చూసి చెప్తాను.