పుస్తకం ముందు, బొమ్మ తర్వాత

అమ్మాయికి,

నీ ఉత్తరం అందింది. ఎవరో మెచ్చుకోగా విన్న నవల ఒకటి వెబ్ సిరీస్‌గా వస్తోందట. ఈలోపే చదివెయ్యాలా, చూశాక తీరిగ్గా చదువుకోవచ్చా అని అడిగావు. సరదాకి చదివేవాళ్ళు అడిగితే మీ ఇష్టం అనొచ్చు. నువ్వు కథలు రాద్దామనుకుంటున్నావు కాబట్టి నీకు ఆ వెసులుబాటు లేదు. పుస్తకమే ముందు.

ఒక కారణం అందరూ చెప్పేదే. సినిమా చూశాక పాత్రకి ముఖం అతుక్కుపోతుంది. 1953 తర్వాత ‘దేవదాసు’ నవల తెరిచిన తెలుగువాళ్ళలో ఎంతమందికి శరత్ రాసిన కుర్రాడు కనిపించాడు? అక్కినేనే కనిపించాడు. రెండో కారణం నీకు ఇంకా ముఖ్యం. నవలని సినిమాకి కత్తిరించేటప్పుడు మాటల్లో తప్ప ఇంకెక్కడా బతకలేనిదే ముందు కింద పడుతుంది. దర్జీ కాళ్ళ దగ్గర రాలిన ఆ పీలికలే నీకు పాఠం. అయితే గుడ్డ తాను మొత్తం ముందు చూసి ఉంటేనే ఏది రాలిందో తెలుస్తుంది.

చిన్నదానితో మొదలుపెట్టు. ప్రేమ్‌చంద్ ‘కఫన్’ పది పన్నెండు పేజీల కథ. దాన్ని మృణాల్ సేన్ 1977లో తెలుగులోనే ‘ఒక ఊరి కథ’గా తీశాడు. చలికాలం రాత్రి, గుడిసె ముందు ఆరిపోతున్న మంట, దాని దగ్గర తండ్రి ఘీసూ, కొడుకు మాధవ్. ఎవరి పొలంలోనో తవ్వుకొచ్చిన బంగాళాదుంపలు కాల్చుకుంటున్నారు. లోపల మాధవ్ భార్య పురిటినొప్పులతో గిలగిల్లాడుతోంది. వెళ్ళి చూసిరా అంటాడు తండ్రి. నాకు భయంగా ఉందంటాడు కొడుకు. అసలు సంగతేమిటో ప్రేమ్‌చంద్ ఒక్క వాక్యంలో చెప్పేస్తాడు: తను లోపలికి వెళ్తే తండ్రి ఎక్కువ దుంపలు లాగించేస్తాడని మాధవ్ అనుమానం.

ఇప్పుడు నోటుబుక్కులో పేజీని నిలువుగా మూడు గడులు చెయ్యి. మొదటి గడి పేరు బొమ్మ, రెండోది మాట, మూడోది మనసు. బొమ్మలో: మంట, దుంపలు, మూసిన తలుపు. మాటలో: “భయంగా ఉంది.” మనసులో: దుంపల వాటా. మొదటి రెండు గడుల్నీ కెమెరా తీసుకోగలదు. మూడోది దానికి అందదు. నటుడు తలుపు వైపు చూసి దుంప వైపు చూసినా, ప్రేక్షకుడికి తోచేది చావు భయమో మొగవాడి బిడియమో కావచ్చు. నోరు ఒకటి చెబుతుంటే కథకుడు దాన్ని కాదని పక్కనుంచి నిజం చెప్పడం వచనానికే చేతనైన పని. నీ కథల్లో ఈ మూడో గడి ఎంత నిండుతోందో చూసుకో. పంపిన రెండింటిలోనూ అది దాదాపు ఖాళీ.

అదే కథలో ఇంకో చోట ప్రేమ్‌చంద్ తనే ముందుకొచ్చి మాట్లాడతాడు. రాత్రింబగళ్ళు చెమటోడ్చే వాళ్ళ బతుకు వీళ్ళకంటే గొప్పగా ఏమీ లేని సమాజంలో, వీళ్ళిలా తయారవడంలో వింతేముంది అని. సినిమాలో కథకుడు ఉండడు. అందుకని ఆ తర్కం పాత్ర నోటికి ఎక్కింది: పనిచేసేవాడు వెర్రివాడు, ఫలితం తినేది ఇంకొకడు అని వాసుదేవరావు వేసిన తండ్రి పాత్ర వెంకయ్యే వాదిస్తాడు. మాట జాగా మారేసరికి మనిషే మారిపోయాడు. కథలో ఘీసూ సోమరి, అతని తరఫున వాదించేది కథకుడు. తెరమీద వెంకయ్య సిద్ధాంతం ఉన్న సోమరి. ఏది మేలని నన్నడక్కు. ఒక వాక్యాన్ని కథకుడి దగ్గర్నుంచి తీసి పాత్రకిస్తే ఎంత దూరం పోతుందో చూడు చాలు. ఇంకోటి: పది పేజీలు రెండు గంటల సినిమాకి చాలవు కాబట్టి సేన్ పెళ్ళి దగ్గర్నుంచీ మొదలుపెట్టాడు. ప్రేమ్‌చంద్ చివరి రాత్రి నుంచి మొదలుపెట్టాడు. చిన్న కథ ఎక్కడ మొదలవ్వాలన్న ప్రశ్నకి ఈ తేడా కంటే మంచి జవాబు నాకు దొరకలేదు.

తర్వాత ‘గైడ్’. ఆర్.కె. నారాయణ్ నవల 1958లో వచ్చింది, హిందీ సినిమా 1965లో. (‘రోజులు మారాయి’లో ఏరువాక పాటకి ఆడిన వహీదా రెహమానే ఇందులో రోజీ.) ఇక్కడ రెండుచోట్ల ఆగు. నవల్లో రోజీ భర్తకి ఆమెకి గైడ్ రాజుతో ఉన్న సంబంధం తెలిసి, ఆమెను వదిలేసి రైలెక్కి వెళ్ళిపోతాడు. సినిమాలో ముందు భర్తే తప్పుచేస్తూ దొరుకుతాడు, అప్పుడే ఆమె గడప దాటుతుంది. ఎందుకు తిప్పారో ఊహించడం కష్టం కాదు. హాల్లో కూర్చున్న ఆనాటి వెయ్యిమందికీ రోజీ మీద కోపం రాకూడదు. నవలకి ఆ బెంగ లేదు, ఎందుకంటే పాఠకుడు ఒంటరిగా చదువుతాడు, ఒంటరిగా క్షమించగలడు. రెండోది ముగింపు. నవల్లో వాన కోసం చేసిన ఉపవాసంతో నీరసించిన రాజు నీళ్ళలో నిలబడి, కొండల్లో వాన పడుతోంది, నా కాళ్ళ కింద తెలుస్తోందని చెప్పి ఒరిగిపోతాడు. నిజంగా వాన పడిందో లేదో, మనిషి బతికాడో లేదో నారాయణ్ చెప్పడు. సినిమాలో కుండపోత. ముందు సినిమా చూసినవాళ్ళు నవల చివరి పేజీలో లేని వానలో తడుస్తారు. అంత మంచి ముగింపు వాళ్ళకి చేజారిపోయినట్టే.

మన వైపుకొస్తే, డాక్టర్ పి.శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’ తప్పకుండా ముందే చదవాల్సిన నవల. 1950ల చివర్లో ‘తెలుగు స్వతంత్ర’లో సీరియల్‌గా వచ్చింది. ఆదుర్తి సుబ్బారావు దాన్ని 1963లో ‘చదువుకున్న అమ్మాయిలు’గా తీశాడు. హాయిగా నవ్వించే సినిమా, పాటలు ఇప్పటికీ వింటాం. నవల మాత్రం ఇందిరది. తండ్రిని తన సంపాదనతో పోషిస్తూ, ఎవరి మీదా జాలి అడక్కుండా, ప్రకాశం పిరికివాడని తేలాక అతన్ని దాటుకుని వెళ్ళిపోయే మనిషి. రచయిత్రి ఆమెను పొగడదు, శిక్షించదు, బాగుచెయ్యదు. ఈ మూడూ చెయ్యకుండా ఒక పాత్రని చివరిదాకా నడపడం ఎంత కష్టమో నువ్వు రాయబోతే తెలుస్తుంది. నవల పూర్తయ్యాక ఆ ఇందిరని సినిమాలో వెతుకు. ఎంత దొరికిందో, ఎక్కడ ఆగిపోయిందో ఒక పేజీ రాయి.

ఈమధ్యవాటిలో సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’. కరువుకాలంలో సీమ గొల్లలు గొర్రెల మందల్ని నల్లమల అడవిలోకి తోలుకుపోయి మేపుకొస్తారు, ఆ ప్రయాణమే కథ. ఉద్యోగం దొరక్క, ఎక్కడా నోరు విప్పలేని చదువుకున్న కుర్రాడు వాళ్ళ వెంట వెళ్తాడు. క్రిష్ 2021లో తీసిన సినిమాలో ఓబులమ్మ అనే నాయిక ఉంది, పాటలున్నాయి. నవల్లో ఓబులమ్మ లేదు. ఆ ఖాళీలో ఏముందో చూడు: చెట్ల పేర్లు, జీవాల నడక, పెద్దవాళ్ళ మాటల్లోంచి కుర్రాడికి మెల్లగా ఎక్కే ధైర్యం. మార్పు చాలా నెమ్మదిగా, రోజుకింత చొప్పున జరుగుతుంది. నెమ్మదిని తెరమీద చూపించడం ఖరీదు, వచనంలో అది చవక. కొత్తగా రాసేవాళ్ళు ఈ చవకని వాడుకోరు. మూడో పేజీకే పాత్రకి జ్ఞానోదయం చేసేస్తారు.

పెద్ద పుస్తకం కావాలంటే కల్కి ‘పొన్నియిన్ సెల్వన్’, ఐదు భాగాలు. తెలుగు అనువాదం ఉంది. 1950 నుంచి 54 దాకా వారం వారం వచ్చింది. మొదలెలా ఉందో చూడు: తమిళ నెల ఆడి పద్దెనిమిదో నాడు, పండగ సందడిలో, వీరనారాయణ చెరువు గట్టు మీద ఒక కుర్రాడు గుర్రమెక్కి, ఆ చెరువుకున్న 74 తూముల లెక్క గుర్తు చేసుకుంటూ నింపాదిగా పోతుంటాడు. సినిమా యుద్ధంతో మొదలవుతుంది. వారపత్రిక పాఠకుడు నాలుగేళ్ళు వెంట నడవడానికి వచ్చాడు, వాడికి ముందు ఊరు చూపించాలి. టికెట్ కొన్నవాడు మూడు గంటల్లో ఇంటికి పోవాలి, వాడికి ముందు హీరోని చూపించాలి. ఈ పుస్తకానికి మాత్రం మొదటి భాగం నుంచే పేర్లూ చుట్టరికాలూ ఒక అట్టముక్క మీద రాసుకుని పేజీల మధ్య పెట్టుకో, లేకపోతే రెండో భాగంలో పాత్రలు కలగాపులగమవుతాయి.

టీవీ సంగతి వేరు. సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’ నూరున్నాయి, ఒక్కోటి మూడు నాలుగు పేజీలు. శ్యామ్ బెనెగల్ వాటిలో కొన్నిటిని హిందీలో దూరదర్శన్‌కి తీశాడు. అక్కడ కత్తిరింపు కాదు, సాగదీత చూడాలి. ఎనిమిది ఎపిసోడ్ల వెబ్ సిరీస్ అంటే ఇంచుమించు ఆరు గంటలు. గంటకి ముప్పై పేజీల లెక్కన రెండువందల పేజీల నవల చదవడానికీ దాదాపు అంతే పడుతుంది. కాబట్టి నవల్లో ఉన్నదంతా పట్టేస్తుంది, ఆపైన ప్రతి ఎపిసోడ్ చివరా ఒక కొక్కెం కావాలి. నవల్లో అధ్యాయం చల్లగా ముగిసిన చోట సిరీస్‌లో ఫోను మోగుతుంది, తలుపు దబదబమంటుంది. ఆ చోట్లు గుర్తుపెట్టు. మన సీరియల్ నవలల్లో ఈ కొక్కేలు ముందే ఉంటాయి. యండమూరి ‘అభిలాష’లాంటివి తెరకి తేలిగ్గా ఎక్కడానికి అదొక కారణం.

పేర్ల దగ్గర మోసపోకు. ‘చివరకు మిగిలేది’ పేరుతో 1960లో సావిత్రి సినిమా ఉంది. బుచ్చిబాబు నవలకీ దానికీ ఏ సంబంధమూ లేదు, అది ఒక బెంగాలీ సినిమాకి తెలుగు రూపం. ‘మాలపిల్ల’ సినిమా ఉన్నవ ‘మాలపల్లి’ కాదు, చలం ఇచ్చిన కథ. దీనికి తలకిందులుగా, పేరు మారి వచ్చినవీ ఉన్నాయి: కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ ‘డాక్టర్ చక్రవర్తి’ అయింది, వంశీ ‘మహల్లో కోకిల’ ‘సితార’ అయింది, శరత్ ‘నిష్కృతి’ ‘తోడికోడళ్ళు’ అయింది. పుస్తకం కొనేముందు సినిమా టైటిల్స్‌లో ‘మూలకథ’ అన్న కార్డు ఒకసారి చూసుకో.

కొనేటప్పుడు సంక్షిప్తమా సంపూర్ణమా అన్నది లోపలి పేజీలో చూడు. సినిమా వచ్చాక వేసిన ముద్రణ అయితే అట్టమీద హీరో బొమ్మ ఉంటుంది. చిన్నప్పుడు బడి పుస్తకాలకి వేసుకున్నట్టు పాత పేపరుతో అట్ట వేసేసుకో. నవ్వులాట కాదు, చెయ్యి వేసిన ప్రతిసారీ ఆ ముఖం కళ్ళబడితే ముందు చదివిన లాభం సగం పోతుంది. ట్రైలర్ కూడా చూడకు. పాత సీరియల్ రూపమే కావాలంటే అబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీద బైండు చేసిన వారపత్రికల పేజీలు దొరుకుతుంటాయి. వేటపాలెం సారస్వత నికేతనంలో పాత పత్రికలు భద్రంగా ఉన్నాయి.

ఇక పని చేసే పద్ధతి. మొదటిసారి పెన్ను పట్టుకోకుండా చదివెయ్యి. మధ్యలో గీతలు గీస్తే నువ్వు పాఠకురాలివి కాకుండా పోతావు, కథ నిన్నేం చేసిందో తెలియదు. రెండోసారి మొత్తం అక్కర్లేదు. మొదటి అధ్యాయం, మధ్యలో నీకు ఊపిరాడనిది ఒకటి, ఆఖరిది. ఈ మూడింటికే మూడు గడుల కాగితం వెయ్యి, ఒక్కోదానికి ఒక సాయంత్రం పడుతుంది. నవల పూర్తయ్యాక, సినిమా చూడకముందు, ఇందులో ఏవి తీసేస్తారో ఒక పది రాయి, ఎందుకో పక్కనే రాయి. ఈ మెట్టు దాటేస్తే మిగతాదంతా వృథా, ఎందుకంటే చూశాక అన్నీ ముందే తెలిసినట్టనిపిస్తుంది. ఆ తర్వాత రెండు వారాలు ఆగి చూడు. వెంటనే చూస్తే ప్రతి సీనుకీ ‘పుస్తకంలో ఇలా లేదు’ అని పోలీసుపని మొదలుపెడతావు. చూసేటప్పుడు కూడా కాగితం వద్దు. అయిపోయాక నీ పదింటికీ టిక్కులు పెట్టుకో. నువ్వు ఊహించని కోత ఏది ఉందో దాని మీదే ఎక్కువసేపు కూర్చో.

ఈ అలవాటులో ఒక చెడు ఉంది. నాలుగైదు సినిమాలు ఇలా చూశాక నీ వాక్యాల్లోకి కెమెరా దూరుతుంది. ‘ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళింది. బయట వర్షం. కళ్ళల్లో నీళ్ళు.’ ఇది కథ కాదు, నటికి ఇచ్చే సూచన. నువ్వు పంపిన రెండో కథ మొదటి పేజీ నిండా ఇదే ఉంది. ఆ పేజీలో ఎవరూ తెరమీద చూపించలేని పేరా ఒక్కటి చేర్చు, మాధవ్ దుంపల లెక్కలాంటిది. చేర్చాక కిటికీ అక్కర్లేదనిపిస్తే కొట్టెయ్యి.

‘కఫన్’ ఈ వారమే చదువు. పది కోతల జాబితా రాసి, సినిమా చూడకముందే పోస్టులో పంపు. ఫోన్లో ఫొటో తీసి పంపితే నా కళ్ళకి ఆనదు.

ఆశీస్సులతో.