స్పీడ్ కాదు అమ్మలూ, క్యూ సంగతి చూడు

చి.ల.సౌ. అమ్మలుకి, పర్లాకిమిడి నుంచి మావయ్య ఆశీస్సులు.

మొన్న చైత్ర యాత్రకి రాయగడ వచ్చి, మజ్జిగౌరమ్మ దర్శనం చేసుకుని మీ ఇంట్లో రెండు రోజులు ఉన్నాను కదా. సాయంత్రం ఆరింటికి నువ్వు పిల్లలకి ఆన్‌లైన్లో లెక్కలు చెప్పడం మొదలుపెట్టావు. గంటసేపు బాగానే నడిచింది. ఏడింటికి అల్లుడుగారు షాపు మూసి ఇంటికొచ్చారు. పది నిమిషాల్లో నీ గొంతు అవతలి పిల్లలకి ముక్కలు ముక్కలుగా వినపడటం మొదలైంది. "వినపడుతోందా నాన్నా" అని నువ్వు ఎన్నిసార్లు అడిగావో! క్లాసు అయ్యేసరికి నీ మొహం వాడిపోయింది. వచ్చే నెల నుంచి వంద ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుంటానన్నావు. ఆ డబ్బు ఇప్పుడే కట్టకు.

నేను కట్టి చూశాను. నలభై నుంచి వందకి మారితే అంతా సర్దుకుంటుందని ఒక కంపెనీ మనిషి చెబితే నమ్మాను. సినిమాలు తొందరగా దిగేవి, అంతే. అమెరికాలో ఉన్న మీ బావతో వీడియో కాల్ మాత్రం ఎప్పట్లాగే ఆగి ఆగి వచ్చేది. ఫిర్యాదు చేస్తే లైన్ చూడ్డానికొచ్చిన కుర్రాడు ఫోన్లో స్పీడ్ టెస్ట్ పెట్టి "ఠిక్ అఛి" (ఒడియాలో బాగానే ఉందని) అని వెళ్లిపోయాడు. అతను అబద్ధం చెప్పలేదు. అతను కొలిచింది స్పీడ్. మన ఇబ్బంది ఆలస్యం. ఈ రెండూ వేరని, టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో 31 ఏళ్లు పనిచేసిన నాకు రిటైరయ్యాక గానీ సరిగ్గా తెలియలేదు.

ఒక క్లినిక్ ఊహించుకో. వరండాలో నాలుగు బెంచీలు. అవి నిండగానే కాంపౌండరు "సాయంత్రం రండి" అని పంపేస్తాడు. లోపల కూర్చున్నవాళ్లకి అరగంటలో పని అయిపోతుంది. ఇప్పుడు అదే డాక్టరు వంద కుర్చీల హాలు కట్టించాడనుకో. ఎవరినీ వెనక్కి పంపక్కర్లేదు. కానీ డాక్టరు ఒక్కరే, చూసే వేగమూ అదే. బీపీ చూపించుకుని నిమిషంలో వెళ్లిపోవాల్సిన ముసలాయన కూడా అరవై మంది వెనక మధ్యాహ్నం దాకా కూర్చోవాలి. ఆ హాలే బఫర్. మన మోడెంలో, రౌటర్లో ప్యాకెట్లు, అంటే నెట్‌లో పోయే డేటా ముక్కలు, ఆగి కూర్చునే జాగా అన్నమాట. అది మరీ పెద్దదై, ఎప్పుడూ నిండి ఉండటాన్నే బఫర్‌బ్లోట్ అంటారు. నీ గొంతు మోసుకెళ్లే చిన్న ప్యాకెట్టే ఆ ముసలాయన.

లెక్క కావాలంటే ఇదిగో. అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్ ఉండి, మోడెంలో ఒక మెగాబైట్ బఫర్ ఉందనుకో. మెగాబైట్ అంటే ఎనిమిది మెగాబిట్లు. అది నిండితే ఖాళీ అవడానికి 0.8 సెకను, అంటే 800 మిల్లీసెకన్లు. మాట అవతలికి చేరడానికి ఒకవైపు 150 మిల్లీసెకన్లు దాటకపోతే మంచిదని టెలిఫోన్ లెక్క. ఇక సంభాషణ ఎలా సాగుతుంది?

అసలు ఇంటర్నెట్‌కి ప్యాకెట్ పారేయడం తప్పు కాదు. ఒక ప్యాకెట్ పోతే పంపేవాడికి "దారి ఇరుకుగా ఉంది, నెమ్మదించు" అని కబురు అందినట్టు. 1980ల చివర్లో నెట్‌వర్కులు కిక్కిరిసిపోయినప్పుడు వాన్ జాకబ్సన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఈ పద్ధతిని గట్టిపరిచాడు. తర్వాత మెమరీ చవకైంది. తయారుచేసేవాళ్లు ఒక్క ప్యాకెట్టూ పోకూడదని బఫర్లు పెంచుకుంటూ పోయారు. దాంతో ఆ కబురు ఆలస్యంగా అందుతోంది, పంపేవాడు నింపుతూనే ఉన్నాడు. 2010లో జిమ్ గెటీస్ అనే ఇంజనీరు తన ఇంట్లో ఫైళ్లు పంపుతూ ఈ జబ్బు గమనించి అందరికీ చెప్పాడు. 2012లో కాథ్లీన్ నికల్స్, వాన్ జాకబ్సన్ కలిసి కోడెల్ అనే మందు కనిపెట్టారు. హాల్లో ఎంతమంది ఉన్నారని అది చూడదు, ఒక్కొక్కరు ఎంతసేపు కూర్చున్నారని చూస్తుంది. నిరీక్షణ 5 మిల్లీసెకన్ల పైనే ఉండిపోయి 100 మిల్లీసెకన్లు గడిస్తే ప్యాకెట్లు వదిలేయడం మొదలుపెడుతుంది. నాకు ఎంతో నచ్చిన ఆలోచన ఇది.

ఇక నీ పని. ముందు కొలవాలి, కొలవకుండా ఏదీ మార్చకు. పింగ్ అంటే ఒక చిన్న కబురు పంపి, జవాబు తిరిగి రావడానికి పట్టిన కాలం కొలవడం. లాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఇంగ్లీషులో పింగ్ (ping) అని కొట్టి, కాస్త ఖాళీ వదిలి మీ రౌటర్ నంబరు ఇవ్వు, చాలా ఇళ్లల్లో అది 192.168.1.1. చివర మళ్లీ ఖాళీ వదిలి హైఫన్, టీ (-t) కలుపు. ఒకటి, రెండు, మూడు మిల్లీసెకన్లు వస్తూ ఉండాలి. అక్కడే వంద, రెండు వందలు కనపడితే తప్పు లైన్‌ది కాదు, వైఫైది. మీ పాత ఇంటి గోడలు మందం కదా, వంటింటి పక్క గదికి సిగ్నల్ చేరేసరికి నీరసపడుతుంది. రౌటర్ నుంచి నీ టేబుల్ దాకా ఒక ల్యాన్ వైరు లాగించు. ఈ ఉత్తరంలో అన్నిటికంటే చవక సలహా ఇదే, చాలాసార్లు ఇదొక్కటే సరిపోతుంది. వైరు కుదరకపోతే 2.4 గిగాహెర్ట్జ్ వదిలి 5కి మారు, రౌటర్‌ని నీ గదికి దగ్గరగా పెట్టు.

తర్వాత 8.8.8.8కి (అది బయట ఉన్న గూగుల్ సర్వర్ నంబరు) అలాగే పింగ్ పెట్టి, ఇంట్లో ఎవరూ నెట్ వాడనప్పుడు అంకె రాసుకో. అది నడుస్తుండగానే ఒక పెద్ద వీడియోని గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించు. మా ఇంట్లో 22 మిల్లీసెకన్లు ఉన్నది 640 అయింది. అది కళ్లారా చూసినప్పుడే నాకు అంతా అర్థమైంది.

అల్లుడుగారి మీద కోపం తెచ్చుకోకు. ఆయన షాపులో తీసిన ఫొటోలు, వీడియోలు ఇంటి వైఫై తగలగానే వాటంతటవే బ్యాకప్‌కి వెళ్తున్నాయి, ఆయనకీ తెలియదు. ఆయన ఫోన్లో బ్యాకప్ ఆపేసి, పడుకునే ముందు ఆన్ చేసుకోమను. గేటు కెమెరా నిరంతరం క్లౌడ్‌లోకి ఎక్కిస్తుంటే దాన్ని మెమరీ కార్డుకి మార్చు. అప్‌లోడ్ క్యూ నిండితే డౌన్‌లోడ్ కూడా మందగిస్తుందని గుర్తుంచుకో. దిగిన ప్రతి ముక్కకీ "అందింది" అని రసీదు వెనక్కి వెళ్లాలి, ఆ రసీదూ ఆ క్యూలోనే నిలబడుతుంది.

ఇవన్నీ చేసినా ఇబ్బంది మిగిలితే అప్పుడు రౌటర్. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కే రౌటర్ కావాలి. అందులో ఎస్‌క్యూఎం అనే ప్యాకేజీ, దానిలో కేక్ అనే పద్ధతి ఉంటాయి. కోడెల్ చేసే పనితో పాటు ఇది ఒక్కొక్కరికీ వేరే వరుస కడుతుంది, నిమిషం పని ఉన్న ముసలాయన్ని ముందుకి పిలుస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మన జిల్లాని అతలాకుతలం చేసింది చూడు, అదే నెలలో వచ్చిన లినక్స్ 4.19లో (ఈ రౌటర్ సాఫ్ట్‌వేర్‌కి ఆధారం లినక్సే) ఈ కేక్ చేరింది.

కిటుకంతా ఒకటే. కంపెనీ మోడెంలో క్యూ పేరుకుంటే మన చెయ్యి అక్కడికి చేరదు. అందుకని మన రౌటర్లో లైన్ వేగానికి కాస్త తక్కువ హద్దు పెడితే, క్యూ మన రౌటర్లోకే వస్తుంది, అక్కడ మన కాంపౌండరు ఉంటాడు. రాత్రి ఎనిమిదికి, అందరూ వాడే వేళ నాలుగైదు రోజులు స్పీడ్ కొలువు. తక్కువ వచ్చిన అంకెలో 85 నుంచి 90 శాతం పెట్టు. 36 వస్తే 32. అక్కడ కిలోబిట్లలో అడుగుతుంది కాబట్టి 32000 అని కొట్టు. అప్‌లోడ్‌కి విడిగా కొలిచి అలాగే పెట్టు. ఓవర్‌హెడ్ (ప్రతి ప్యాకెట్‌కీ లైన్ మీద తగిలే అదనపు బరువు) దగ్గర 44 ఇస్తే చాలా లైన్లకి సరిపోతుంది. ఫ్లో ఆఫ్‌లోడింగ్ అనే సెట్టింగు ఆన్‌లో ఉంటే ఆపెయ్, లేకపోతే ప్యాకెట్లు కేక్‌ని తప్పించుకుని పక్కదారిన పోతాయి. కంపెనీ డబ్బా వైఫై కూడా ఆపి, ఇంట్లో ప్రతి ఫోనూ కొత్త రౌటర్‌కే కలపాలి. ఒక్క ఫోను పాతదానికి అంటుకుని ఉన్నా చేసిందంతా వృథా.

ఈ పని రౌటర్ ప్రాసెసర్‌కి బరువు. మరీ చవక డబ్బా కొంటే వేగం సగానికి పడిపోవచ్చు. సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు కరెంటు పోతే రౌటర్ పాడయ్యే ప్రమాదం ఉంది. మీకు సాయంత్రం గాలివాన వస్తే కరెంటు పోతుంది కాబట్టి పొద్దున్నే చెయ్యి, రౌటర్‌ని ఇన్వర్టర్ మీద పెట్టు.

దూరం వల్ల వచ్చే ఆలస్యాన్ని మాత్రం ఎవరూ తగ్గించలేరు. ఫైబర్‌లో వెలుగు సెకనుకి సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది, వెయ్యి కిలోమీటర్లు వెళ్లి రావడానికి పది మిల్లీసెకన్లు తప్పవు. పింగ్ తగ్గిస్తామని డబ్బులడిగే యాప్‌లు చిన్నోడు ఆట కోసం అడిగితే కొనివ్వకు. డీఎన్ఎస్ (సైటు పేరుకి నంబరు వెతికి ఇచ్చే సర్వీసు) మార్చినా పేజీ తెరవడంలో తేడా రావచ్చు గానీ, నీ క్లాసులో గొంతు ఆగడం మారదు.

మా ఇంట్లో ఇప్పుడు అప్‌లోడ్ నడుస్తుండగా కూడా పింగ్ 30 దాటడం లేదు. మీ అత్త రోజూ మనవరాలితో అరగంట మాట్లాడుతోంది, మధ్యలో ఒక్కసారి కూడా "ఏంటీ" అనడం లేదు.

ఆదివారం మూడు పింగ్ అంకెలూ రాసి నాకు పంపు: రౌటర్‌ది, ఖాళీగా ఉన్నప్పటిది, అప్‌లోడ్ నడుస్తున్నప్పటిది. రౌటర్ కొనే ముందు డబ్బా అడుగున మోడల్ పక్కన ఉండే వెర్షన్ నంబరు ఫొటో తీసి పంపు. ఒకే పేరున్న మోడల్‌లో ఒక వెర్షన్‌కి సాఫ్ట్‌వేర్ ఎక్కుతుంది, ఇంకోదానికి ఎక్కదు. నేను చూసి చెప్పాకే డబ్బు ఇవ్వు.

మీ అత్తగారికి నా నమస్కారాలు, చిన్నోడికి ముద్దులు.

మావయ్య