రీమ్యాప్ చేసిన ఆక్టావియా ఆర్‌ఎస్: ఇంజిన్‌కి ఏ ఆయిల్, డీఎస్‌జీకి ఏ ఆయిల్?

మీరు రాసిన ప్రకారం బండి 2017 స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్ 230, సెకండ్ హ్యాండ్, 58 వేల కిలోమీటర్లు తిరిగింది, స్టేజ్ 1 రీమ్యాప్ (పవర్ పెంచడానికి ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) ఉంది. రోజూ విజయనగరం టౌన్‌లో, నెలకోసారి సాలూరు ఘాట్ ఎక్కి కోరాపుట్ వైపు. మన ఎండలకి 20డబ్ల్యూ50 (చిక్కటి రకం ఇంజిన్ ఆయిల్) పోస్తే ఇంజిన్ చల్లగా ఉంటుందని, డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్) ఆయిల్ జన్మలో మార్చక్కర్లేదని మెకానిక్ చెప్పాడు. ఈ రెండు మాటలూ ఆ బండికి చేటు. దయచేసి వినకండి.

ముందు ఇంజిన్ సంగతి. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. మన దగ్గర జనవరి తెల్లవారుజామున కూడా పదిహేను డిగ్రీల చుట్టుపక్కలే కాబట్టి 0డబ్ల్యూనా, 5డబ్ల్యూనా అని బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. 20డబ్ల్యూ మాత్రం వేరే కథ. ఈ ఇంజిన్‌లో టైమింగ్ చెయిన్ టెన్షనర్ (చెయిన్‌ని బిగువుగా ఉంచేది), క్యామ్ అడ్జస్టర్ (వాల్వులు తెరుచుకునే సమయం సర్దేది) రెండూ ఆయిల్ ప్రెజర్ మీదే పనిచేస్తాయి. రాత్రంతా ఆగిన బండిలో చిక్కటి ఆయిల్ పైదాకా చేరేసరికి ఆలస్యమవుతుంది, ఆ కాసేపూ టర్బో బేరింగ్ దాదాపు ఎండుగా తిరుగుతుంది. పైగా బజార్లో దొరికే 20డబ్ల్యూ50 డబ్బాల్లో ఎక్కువ భాగం సింథటిక్ కాని మామూలు మినరల్ ఆయిలే. వేడి మీదున్న టర్బోలో అది మాడి, మసి గట్టిపడి, సన్నటి ఆయిల్ దారుల్ని మూసేస్తుంది.

వెనకున్న అంకె వేడిలో చిక్కదనం. 100 డిగ్రీల దగ్గర 30 గ్రేడ్ 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత), 40 గ్రేడ్ 12.5 నుంచి 16.3. కానీ రీమ్యాప్ బండికి ఇంతకంటే ముఖ్యమైన లెక్క హెచ్‌టీహెచ్‌ఎస్. అంటే 150 డిగ్రీల వేడిలో, బేరింగ్ సందులో నలుగుతున్నప్పుడు ఆయిల్ పొర ఎంత నిలబడుతుందన్నది. టార్క్ పెంచాక కనెక్టింగ్ రాడ్ బేరింగుల మీద బరువు పెరుగుతుంది కాబట్టి 3.5 కంటే తక్కువది పోయకండి. ఏసీఈఏ (యూరప్ కార్ల కంపెనీల సంఘం) ఏ3/బీ4, సీ3 అని ఉన్న ఆయిళ్లకి కనీసం 3.5 ఉండి తీరాలి. సీ5 రకానికి 2.6 నుంచి 2.9 మాత్రమే. కొత్త కార్ల కోసం వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ 508 00 రకం 0డబ్ల్యూ20 ఆయిల్ ఆ కోవలోదే. ధర ఎక్కువ కదా, మంచిదే అయ్యుంటుందని మీ ఇంజిన్‌లో పోయకండి.

కాబట్టి మీకు కావాల్సింది 5డబ్ల్యూ40, స్కోడా మాతృసంస్థ ఫోక్స్‌వ్యాగన్ ఇచ్చే 502 00 అప్రూవల్ ఉన్నది. డబ్బా ముందు పెద్దక్షరాల్లో ఉన్న ఫుల్లీ సింథటిక్ అన్న మాటని బట్టి కొనకండి, గ్రూప్ 3 బేస్ ఆయిల్‌ని (ముడి చమురుని బాగా శుద్ధి చేసి తీసేది) కూడా చాలా దేశాల్లో ఆ పేరుతోనే అమ్ముతారు. డబ్బా తిప్పి వెనక చిన్నక్షరాలు చదవండి. 502 00 పక్కన అప్రూవల్ అని ఉండాలి. రికమెండెడ్, సూటబుల్ అని ఉంటే అది అమ్మేవాళ్ల సొంత మాట, కారు కంపెనీ పరీక్ష పెట్టి ఇచ్చింది కాదు. మోటుల్ 8100 ఎక్స్-సెస్, షెల్ హెలిక్స్ అల్ట్రా 5డబ్ల్యూ40 రెండూ ఈ కోవలోవే. దీనితోపాటు ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) ఎస్‌పీ గ్రేడ్ కూడా ఉంటే ఇంకా మేలు. తక్కువ ఆర్‌పీఎం మీద గట్టిగా తొక్కినప్పుడు పెట్రోల్ స్పార్క్ కంటే ముందే అంటుకునే జబ్బుని తట్టుకోవాలని 2020లో తెచ్చిన గ్రేడ్ అది. ఘాట్‌లో నాలుగో గేర్‌లో 1,800 ఆర్‌పీఎం మీద ఫుల్ యాక్సిలరేటర్ ఇచ్చే అలవాటుంటే ముందు అది మానండి, ఒక గేరు దించండి. మోటుల్ 300వీ గురించి కూడా అడిగారు. అది రేసు ఆయిల్, కారు కంపెనీల అప్రూవల్స్ లేవు. ట్రాక్‌కి వెళ్లని బండికి అనవసరం.

ఎన్ని కిలోమీటర్లకి? కంపెనీ 15,000 అంటుంది. మీ వాడకానికి నేనైతే 7,500 లేదా ఏడాది, ఏది ముందైతే అది అంటాను. మూడు లాంతర్ల నుంచి రైల్వే స్టేషన్ దాకా రెండేసి కిలోమీటర్ల తిరుగుళ్లలో ఆయిల్ పూర్తిగా కాగదు. సిలిండర్ గోడల మీంచి దిగిన పెట్రోల్, గాలిలో తేమ అందులోనే ఉండిపోతాయి. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోల్ వాసన గుప్పుమంటే 7,500 దాకా కూడా ఆగొద్దు.

మార్చేటప్పుడు ఇంజిన్ గోరువెచ్చగా ఉండాలి. ఫిల్టర్ పైనే ఉంటుంది. ముందు దాని మూత వదులు చేసి రెండు మూడు నిమిషాలు ఆగితే అందులోని ఆయిల్ సంప్‌లోకి (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) దిగిపోతుంది, ఇంజిన్ మీద ఒలకదు. మూతకి కొత్త ఓ-రింగ్ వేసి, దానికి కొత్త ఆయిల్ రాయండి. సంప్ ప్లాస్టిక్‌దైతే డ్రెయిన్ ప్లగ్ కూడా ప్లాస్టిక్‌దే, ప్రతిసారీ కొత్తది వేయాలి. మొత్తం పట్టేది 5.7 లీటర్లు. 5 లీటర్ల డబ్బా ఒకటి, లీటరు డబ్బా ఒకటి తెచ్చుకోండి. ముందు 5 పోసి, ఇంజిన్ ఒక నిమిషం తిప్పి ఆపి, ఐదు నిమిషాల తర్వాత డిప్‌స్టిక్ చూసి మిగతాది కొంచెం కొంచెంగా పోయండి. ఎక్కువైతే క్రాంక్ చిలికి నురగ చేస్తుంది.

ఇక డీఎస్‌జీ. అసలు ప్రమాదం ఇక్కడుంది. మీది డీక్యూ250, ఆరు గేర్లు, తడి క్లచ్. గేర్లు, రెండు క్లచ్ ప్యాకులు, మెకాట్రానిక్ (గేర్లు మార్చే కంట్రోల్ యూనిట్) అన్నీ ఒకే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. క్లచ్ అరిగిన పొడి అంతా ఆ ఆయిల్‌లోకే వస్తుంది. అందుకే కంపెనీయే 60,000కి ఆయిల్, ఫిల్టర్ మార్చమంటుంది. మీకు ఇంకో రెండు వేలే మిగిలింది, ఇప్పుడే చేయించేయండి. డబ్బా మీద టీఎల్ 52 182 అని (ఫోక్స్‌వ్యాగన్ స్పెసిఫికేషన్ నంబరు) ఉండాలి. ఆరు లీటర్లు కొనండి, ఐదుంపావు నుంచి ఐదున్నర దాకా పడుతుంది.

డ్రెయిన్ బోల్టు 14 ఎలెన్‌కీతో వస్తుంది. బోల్టు తీయగానే కొంచెం ఆయిల్ కారి ఆగిపోతుంది. అయిపోయిందనుకుని కొందరు అక్కడితో బోల్టు బిగించేస్తారు. ఆ రంధ్రంలోనే లోపల ఒక ప్లాస్టిక్ గొట్టం నిలబడి ఉంటుంది, 8 ఎలెన్‌కీతో దాన్నీ విప్పితేనే అసలు ఆయిల్ దిగుతుంది. పాతది మొత్తం కారాక ఆ గొట్టాన్ని మళ్లీ బిగించాలి, కేవలం 3 న్యూటన్ మీటర్లు. చేతి బలం చూపిస్తే విరుగుతుంది. లెవెల్ కొలిచేది ఆ గొట్టమే. కొత్త ఆయిల్ పోశాక బ్రేక్ తొక్కి లివర్‌ని పీ, ఆర్, ఎన్, డీ, ఎస్‌లలో కొన్ని సెకన్ల చొప్పున ఆపి, మళ్లీ పీలో పెట్టి, ఇంజిన్ నడుస్తుండగానే స్కానర్‌లో (బండి కంప్యూటర్‌ని చదివే పరికరం) గేర్‌బాక్స్ ఆయిల్ టెంపరేచర్ చూడాలి. 35 నుంచి 45 డిగ్రీల మధ్య బోల్టు తీస్తే ఎక్కువైన ఆయిల్ ధారగా వస్తుంది. ధార తెగి చుక్కలుగా పడ్డం మొదలవగానే కొత్త సీల్‌తో బోల్టు బిగించేయండి, 45 న్యూటన్ మీటర్లు. బండి ర్యాంప్ మీద నాలుగు వైపులా సమంగా ఉండాలి.

మన ఊళ్లలో తప్పు జరిగేది ఈ టెంపరేచర్ దగ్గరే. మే నెల మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన బండి గేర్‌బాక్స్ స్టార్ట్ చేయకముందే 40 దగ్గర ఉంటుంది, పోయడం అయ్యేసరికి 45 దాటిపోతుంది. వేడికి ఉబ్బిన ఆయిల్ ఎక్కువ కారిపోయి, చల్లారాక లోపల తక్కువ పడుతుంది. అప్పుడు ఘాట్‌లో క్లచ్ జారడం, రెండో గేర్‌లో కుదుపు మొదలవుతాయి. బండిని ముందురోజు రాత్రే షెడ్‌లో పెట్టించి, పొద్దున్న ఆరింటికి పని మొదలుపెట్టించండి. స్కానర్ లేని షెడ్ అయితే ఈ పని వాళ్లకి ఇవ్వొద్దు, విశాఖ దాకా వెళ్లినా ఫర్వాలేదు.

చివర్లో అడిగారు, మిగిలిన అర లీటరు డీఎస్‌జీ ఆయిల్ మీ తమ్ముడి ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐలో పోయొచ్చా అని. వద్దు. దానిది డీక్యూ200, పొడి క్లచ్. గేర్లకి 1.7 లీటర్ల గేర్ ఆయిల్ వేరు, మెకాట్రానిక్‌కి హైడ్రాలిక్ ఆయిల్ వేరు, రెండూ ఒకదానితో ఒకటి కలవవు, మీ ఆయిల్ రెండిటికీ పనికిరాదు. మీ ఫ్రెండు మాన్యువల్ బండికి కొన్న 75డబ్ల్యూ90 గేర్ ఆయిల్ మీద జీఎల్-5 (గేర్ ఆయిల్ గ్రేడు) అని మాత్రమే ఉంటే అదీ వెనక్కి ఇచ్చేయమనండి. అది మరీ జారుడుగా ఉండటంతో సింక్రో రింగులు (గేరు పడేముందు వేగాలు కలిపే ఇత్తడి రింగులు) పట్టు దొరక్క గేరు గరగరలాడుతూ పడుతుంది, అందులోని గంధకం మందులు ఇత్తడిని తినేస్తాయి. మాన్యువల్‌లో లెక్క కంపెనీ బుక్‌లో రాసిన నంబరుదే, మామూలుగా అది జీఎల్-4 అయ్యుంటుంది.