డిజి యాత్ర గేటు ముందు ఇంటిపేరు గొడవ

ఈ మధ్య నాకొచ్చే మెయిల్స్‌లో ఎక్కువ భాగం ఒకటే గోల, డిజి యాత్ర, అంటే ఎయిర్‌పోర్ట్ గేటు దగ్గర మన మొహం చూసి లోపలికి పంపే యాప్. కూకట్‌పల్లి నుంచి ఒకాయన రాశారు, "సార్, డిజి యాత్రలో ఆధార్ ఎక్కింది, సెల్ఫీ ఎక్కింది, బోర్డింగ్ పాస్ పెడితే మాత్రం పేరు కలవట్లేదంటోంది, శంషాబాద్‌లో మా ఆవిడ టకటకా గేటు దాటి లోపలికెళ్ళిపోయింది, నేను బ్యాగులన్నీ మోసుకుంటూ మామూలు లైన్లో నిలబడ్డా, నా ఫోన్ పాడైందంటారా?" అని. మీ ఫోన్‌కి ఏమీ కాలేదండి, తేడా కొట్టింది మీ ఇంటిపేరు దగ్గర.

యాప్ ఎలా వేసుకోవాలి, ఓటీపీ ఎక్కడ కొట్టాలి లాంటివి నన్ను అడక్కండి, ఇంట్లో పదో క్లాసు చదివే పిల్లలుంటే వాళ్ళు చెప్తారు. అసలు విషయమేంటంటే ఆ యాప్ ఆధార్‌లో ఉన్న పేరునీ బోర్డింగ్ పాస్ మీద పేరునీ పక్కపక్కన పెట్టి చూస్తుంది. ఆధార్‌లో మనోళ్ళ పేరు ఇంటిపేరుతో మొదలవుతుంది, లేదా ఇంటిపేరు పొట్టిగా ఒక్క అక్షరమై ముందు కూర్చుంటుంది, టికెట్ బుక్ చేసేటప్పుడేమో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గడులిస్తారు, లాస్ట్ నేమ్ గడిలో ఒకరు ఇంటిపేరు రాస్తారు, ఇంకొకరు నాన్న పేరు రాస్తారు, ఏం రాయాలో తెలీక తన పేరే రెండోసారి రాసేవాళ్ళు కూడా ఉన్నారు. ఇంక కలవమంటే ఎక్కడ కలుస్తాయి?

దీనికి తోడు ఇంకో చిక్కుంది. బోర్డింగ్ పాస్ మీద చుక్కలచుక్కలుగా ఉండే బార్‌కోడ్‌లో పేరుకిచ్చిన చోటు మొత్తం 20 అక్షరాలే, అదీ ఇంగ్లీషు అక్షరాల్లో, ఇంటిపేరు ముందు, తర్వాత ఒక గీత, ఆ తర్వాత పేరు. కొత్తపల్లి వెంకట సత్యనారాయణ అనే ఒక పెద్దమనిషి ఉన్నాడనుకుందాం, కొత్తపల్లికి పది అక్షరాలు పోయాయి, గీతకి ఒకటి, మిగిలిన తొమ్మిదిలో వెంకట పట్టింది, సత్యనారాయణగారు ఎస్ దగ్గరే దిగిపోయారు. ఇది ప్రపంచమంతా విమానాలు వాడే ఫార్మాట్, దీన్ని గీసినవాళ్ళకి గోదావరి జిల్లాల పేర్లు ఎంత పొడుగుంటాయో ఎవరూ చెప్పినట్టు లేదు. సరే అది పాత కాలం డిజైన్, వాళ్ళని వదిలేద్దాం, ఇప్పుడు ఇక్కడే కూర్చుని మన జనం కోసం ఫారాలు చేసేవాళ్ళు కూడా లాస్ట్ నేమ్ గడిలో ఎర్ర చుక్క పెట్టి, నింపకపోతే ముందుకి పోనివ్వరే, వాళ్ళనేమనాలి? మా ఆఫీసులో ఇంటిపేరు వాడని తమిళ మిత్రుడొకడున్నాడు, వాడైతే పదేళ్ళుగా ఆ గడిలో చుక్క పెట్టాలని చూస్తున్నాడు, చుక్క ఒప్పుకోదట.

చేయాల్సింది ఇది. దేశంలో ప్రయాణమైతే టికెట్ ఆధార్‌లో ఉన్న పేరుతోనే బుక్ చేసుకోండి, విదేశానికైతే పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టు. తప్పు పడితే వెబ్ చెకిన్‌కి ముందే ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి సరిచేయించుకోండి. అదీ కుదరకపోతే మామూలు గేటు ఎక్కడికీ పోలేదు, ఐడీ చూపించి లోపలికెళ్ళండి. డిజి యాత్ర తప్పనిసరి కాదు, గేటు దగ్గర ఎవరైనా దానికోసం ఫోటో తీస్తామంటే వద్దనే హక్కు మీకుంది.

ఇంకో నలుగురు అడిగింది, కొత్త ఫోన్ కొన్నాం, పాతదాంట్లో ఉన్న డిజి యాత్ర వివరాలన్నీ మాయమయ్యాయి అని. మాయమవ్వలేదు, అవి పాత ఫోన్‌లోనే ఉన్నాయి. మీ ఆధార్ వివరాలూ సెల్ఫీ మీ ఫోన్‌లోనే ఉంటాయి, ప్రయాణమప్పుడు బయల్దేరే ఎయిర్‌పోర్ట్‌కి పంపుతారు, విమానం ఎగిరిన 24 గంటల్లో అక్కడ తుడిచేస్తారు, డిజి యాత్ర వాళ్ళు చెప్పే మాట ఇది. కాబట్టి కొత్త ఫోన్ అంటే మళ్ళీ మొదట్నుంచి. అమ్మానాన్నల ఆధార్‌కి ఎప్పుడో వదిలేసిన సిమ్ నంబర్ లింకై ఉంటే ఓటీపీ రాదు, ఆ పని ప్రయాణం ముందు రోజు రాత్రి గుర్తొస్తే నేనేం చేయలేను.

యాప్ వేసుకునేటప్పుడు మాత్రం కాస్త కళ్ళు తెరుచుకోండి. 2024లో పాత యాప్ తీసేయండి, కొత్తది వేసుకోండి అన్నారు గుర్తుందా? ఇలా హఠాత్తుగా యాప్ మార్చేసే అలవాటు నాకు అస్సలు నచ్చదు, జనం ఏం చేస్తారు, స్టోర్‌లో పేరు కొట్టి మొదట కనిపించింది వేసేసుకుంటారు. పబ్లిషర్ దగ్గర డిజి యాత్ర ఫౌండేషన్ అని ఉందో లేదో చూడండి. వాట్సాప్‌లో ఎవరో పంపిన లింక్ నుంచి ఏపీకే ఫైల్, అంటే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా ఎక్కే యాప్ అయితే ముట్టుకోవద్దు. 2024లోనే బెంగళూరు ఎయిర్‌పోర్ట్‌లో ఒకావిడ కార్డు మర్చిపోయి లౌంజ్‌కి వెళ్తే ఒక యాప్ వేసుకోమన్నారు, సెక్యూరిటీ కోసం మొహం స్కాన్ చేయమన్నారు, తర్వాత ఆవిడకి రావాల్సిన కాల్స్ రాలేదు, క్రెడిట్ కార్డు మీద మాత్రం 87 వేలకు పైగా లాగేశారు. అది ఎస్ఎంఎస్‌లు దొంగిలించే నకిలీ యాప్. లోపలికెళ్ళాలన్న తొందరలో మనిషి దేనికైనా అలౌ కొడతాడు, దొంగలకి కావాల్సింది ఆ తొందరే.

ఇప్పుడు నాకు నిజంగా నిద్ర పట్టనివ్వని సంగతి. మణికొండ నుంచి ఒకమ్మాయి అడిగింది, "డిజి యాత్రకి నా మొహం ఇవ్వడం సేఫేనా?" అని. మంచి ప్రశ్నే, అడగాల్సిందే, ఆ యాప్ నడిపే ఫౌండేషన్‌లో ప్రభుత్వ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ వాటా 26 శాతం, మిగతాది మన హైదరాబాద్‌తో సహా ఐదు ఎయిర్‌పోర్ట్‌లది, అలాంటప్పుడు జనం నాలుగు ప్రశ్నలు అడిగితే తప్పేం లేదు. కానీ అమ్మా, నువ్వు పంపిన స్క్రీన్‌షాట్‌లో నీ బోర్డింగ్ పాస్ మొత్తం ఉంది! పేరు మీద మార్కర్ గీశావు, బార్‌కోడ్ మాత్రం తళతళా మెరుస్తోంది.

ఆ బార్‌కోడ్‌కి తాళం లేదు. ఉచితంగా దొరికే చాలా స్కానర్ యాప్‌లతో చూస్తే పేరు, పీఎన్ఆర్, ఫ్లైట్ నంబర్, తేదీ, సీటు అన్నీ అక్షరాలా వచ్చేస్తాయి. పీఎన్ఆర్, ఇంటిపేరు చేతిలో ఉంటే చాలా ఎయిర్‌లైన్స్ సైట్లలో మీ బుకింగ్ తెరుచుకుంటుంది, పాస్‌వర్డ్ అడగరు, ఫోన్ నంబర్, మెయిల్, ఒక్కోసారి పాస్‌పోర్ట్ నంబర్ దాకా. 2020లో ఆస్ట్రేలియా మాజీ ప్రధాని టోనీ అబాట్ ఇన్‌స్టాగ్రామ్‌లో బోర్డింగ్ పాస్ ఫోటో పెట్టుకుంటే ఒక హ్యాకర్ దాంతోనే ఆయన పాస్‌పోర్ట్ నంబర్, ఫోన్ నంబర్ తీసి చూపించాడు. మాజీ ప్రధానికే అలా అయితే మన సంగతి?

శంషాబాద్ డిపార్చర్స్ దగ్గర ఒక రాత్రి నిలబడి చూడండి, అమెరికా వెళ్ళే ఒక్క పిల్లాడికి ఇరవైమంది వస్తారు, దండలు, కన్నీళ్ళు, గ్రూప్ ఫోటో, చేతిలో పాస్‌పోర్ట్‌లో నిలబెట్టిన బోర్డింగ్ పాస్, పది నిమిషాల్లో అది పిన్ని స్టేటస్, మేనమామ స్టేటస్, వాళ్ళ అపార్ట్‌మెంట్ గ్రూప్. ఫోటో వద్దనట్లేదు నేను, ఆ కాగితం జేబులో పెట్టి దిగండి. ఇంకోటి, ఫోన్ ఎడిటర్‌లో నల్ల బ్రష్‌తో కొట్టేశాం అంటారు, చాలా ఫోన్లలో కొన్ని బ్రష్‌లు సగం పారదర్శకం, బ్రైట్‌నెస్ పెంచితే కింద ఉన్నది తేలుతుంది. కొట్టేయడం కాదు, క్రాప్ చేసి పారేయండి. ప్రయాణం అయ్యాక కాగితం పాస్‌ని సీటు పాకెట్‌లో వదిలేయడం కూడా మానండి, చింపేయండి.

విదేశాల విషయంలో కూడా గందరగోళం చాలా ఉంది. డిజి యాత్ర ఉండగా దుబాయ్ వెళ్ళేటప్పుడు ఎందుకు పనిచేయలేదని ఒకరు కోపంగా రాశారు. అది దేశీయ ప్రయాణాలకే. ఇమిగ్రేషన్ దగ్గర త్వరగా వెళ్ళడానికి వేరే పథకం ఉంది, కేంద్ర హోం శాఖ ఎఫ్‌టీఐ-టీటీపీ (ఫాస్ట్ ట్రాక్ ఇమిగ్రేషన్, ట్రస్టెడ్ ట్రావెలర్ ప్రోగ్రామ్), హైదరాబాద్‌లో 2025 జనవరి 16న మొదలైంది. భారతీయులకీ, ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకిచ్చేది) ఉన్నవాళ్ళకీ ఉచితం, ఒకసారి వేలిముద్రలిస్తే ఐదేళ్ళు, లేదా పాస్‌పోర్ట్ గడువు దాకా, ఏది ముందైతే అది. ఈ రెండింట్లో ఏదీ సీఐఎస్ఎఫ్ తనిఖీని తప్పించదు, ట్రే, ఎక్స్-రే, చేతులు చాపి నిలబడటం అందరికీ ఒకటే. వీఐపీ అయిపోయాం అనుకుని ముందుకి తోసుకెళ్ళేవాళ్ళకి ఇది చెప్పాల్సొచ్చింది.

డాలస్‌లో ఉన్న అబ్బాయికి గ్రీన్ కార్డు ఉంది, అక్కడి ఎయిర్‌పోర్టుల్లో సెక్యూరిటీ తనిఖీ త్వరగా దాటించే ప్రీచెక్ కోసం ఫీజు కట్టమని మెయిల్ వచ్చింది, కట్టమనమంటారా అని ఎల్బీ నగర్ నుంచి ఒక తండ్రి. ఆగమనండి సార్. అక్కడ కొత్తగా ప్రీచెక్ తీసుకునేవాళ్ళు సెంటర్‌కి వెళ్ళాకే డబ్బు కడతారు, ఇంట్లో కూర్చోబెట్టి ముందే కార్డు నంబర్ అడిగే సైట్ మోసం. అసలు ప్రభుత్వ సైట్ అడ్రస్ డాట్ గవ్ దగ్గర ఆగుతుంది, అది చూసి మొదలుపెట్టమనండి. మీరు విజిట్ వీసా మీద వెళ్తారు కాబట్టి ప్రీచెక్ నేరుగా మీకు రాదు, అమెరికాలో దిగాక ఇమిగ్రేషన్ త్వరగా దాటించే గ్లోబల్ ఎంట్రీకి మాత్రం 2017 నుంచి మనోళ్ళు అర్హులే, 120 డాలర్లు, ఇంటర్వ్యూ ఉంటుంది, దరఖాస్తు తిరస్కరించినా డబ్బు వెనక్కి రాదు. ఏడాదికోసారి మనవడిని చూడ్డానికి వెళ్ళేవాళ్ళకి అది దండగే అని నా అభిప్రాయం, పైగా ఇప్పుడు అక్కడి తనిఖీలో బూట్లు విప్పే గొడవ కూడా 2025 జులై నుంచి అందరికీ పోయింది.

చివరగా ట్రే సంగతి. మాదాపూర్, గచ్చిబౌలి జనానికి ఒకే నల్ల బ్యాగు, లోపల కంపెనీ ఇచ్చిన ఒకేరకం లాప్‌టాప్, సోమవారం పొద్దున ఫ్లైట్ల టైములో ఆరు ట్రేల్లో ఆరు కవలలు పడుంటాయి. మూత మీద ఏదో ఒక స్టిక్కర్ అంటించండి, స్క్రీన్ లాక్ చేసి పెట్టండి. పవర్ బ్యాంక్ హ్యాండ్ బ్యాగ్‌లోనే పెట్టాలి, 100 వాట్ అవర్ లోపు, అంటే 20,000 ఎంఏహెచ్‌ది దాదాపు 74, ఇబ్బంది లేదు. దాని వెనక అక్షరాలు అరిగిపోయి ఉంటే మాత్రం ఎన్ని వాట్ అవర్లో చూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. ఇక చెకిన్ బ్యాగులో వేశారా, బ్యాగు కిందే ఆగిపోతుంది, మైకులో మిమ్మల్ని పిలుస్తారు, సత్యనారాయణగారైతే తన పేరు తానే గుర్తుపట్టలేక సీట్లో అలాగే కూర్చుంటారు.