కూత విన్నది యంత్రం, తేల్చేది ఎవరు?

ప్రశ్న: అడవిలో అమర్చిన రికార్డర్ల ధ్వనుల నుంచి కంప్యూటరే పక్షులను గుర్తిస్తున్నప్పుడు, జీవావరణ శాస్త్రజ్ఞులతో ఇంకా పనేముంటుంది?

జవాబు: చాలా ఉంటుంది. అమెరికాలోని కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాల, జర్మనీలోని కెమ్నిట్జ్ సాంకేతిక విశ్వవిద్యాలయం కలిసి రూపొందించిన 'బర్డ్‌నెట్' అనే కంప్యూటర్ ప్రోగ్రాం ధ్వనిని 3 సెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను, ఏ క్షణంలో ఏ పౌనఃపున్యపు ధ్వని ఉందో చూపే స్పెక్ట్రోగ్రామ్ అనే చిత్రంగా మార్చి చూస్తుంది. ఆ చిత్రంలో స్వరస్థాయి (పిచ్) పెంచుతూ సాగే కూత పైకి వంగిన గీతలా, కీచురాళ్ల రొద అడ్డపట్టీలా కనిపిస్తాయి. చిక్కంతా ఆ పట్టీ గీతను కప్పేసిన చోటే వస్తుంది. యంత్రానికి శిక్షణ ఇవ్వడానికి వాడే రికార్డింగుల్లో చాలావరకు పక్షికి దగ్గరగా మైకు పట్టి తీసినవి కాగా, చెట్టుకు కట్టిన రికార్డరుకు చేరేది గాలి, వాన, దూరపు కూతల కలగాపులగం. పైగా ఇది ఫలానా పక్షేనని యంత్రం 0 నుంచి 1 వరకు ఇచ్చే స్కోరు 0.8 అయితే, దాన్ని 80 శాతం నిశ్చయమని చదువుకోకూడదు. ఒక్కో జాతికి కొన్ని ముక్కలను నిపుణులు స్వయంగా విని, ఎంత స్కోరు దాటితే నమ్మవచ్చో నిర్ణయించాలి. కూత వినబడనంత మాత్రాన పక్షి లేదనీ కాదు, అది మౌనంగా ఉండే కాలమూ కావచ్చు.

జీవావరణ శాస్త్రజ్ఞులు, కంప్యూటర్ నిపుణుల్లో ఒకరు రికార్డింగులన్నీ పూర్తయ్యాక రెండోవారి చేతికి ఫైళ్లిచ్చి 'చూసిపెట్టండి' అనడాన్ని నేనైతే సహకారమనను. సెకనుకు 48,000 సార్లు ధ్వని నమూనా తీసుకునే రికార్డరు అందులో సగం, అంటే 24 కిలోహెర్ట్జ్‌ల పౌనఃపున్యం వరకే పట్టగలదు. చాలా గబ్బిలాల అరుపులు అంతకు పైనే ఉంటాయి. ఆ మాట అడవికి బయలుదేరకముందే ఇరువురూ కూర్చుని అనుకోవలసినది.