గాలికి పట్టి చూడు తల్లీ

చి. మేనకోడలికి,
మామయ్య ఆశీస్సులు.

నువ్వు సొంతంగా ప్యారాచూట్ సెట్టు కొన్నావని, అదీ ఒకరు వాడినదని మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. చెబుతూనే ఏడ్చింది. నేను మాత్రం కావలి బజారుకు వెళ్లి మిఠాయి తెచ్చాను. మన ఇంట్లో నా తరువాత ఆకాశంలోంచి దూకేది నువ్వే. కానీ రాత్రి నిద్ర పట్టలేదు.

హెల్మెట్, ఎత్తు చూపే ఆల్టిమీటర్, పట్టీల సంగతి మీ శిక్షకులు చూస్తారు. రిజర్వ్‌ను, అంటే ఆపదకు ఉంచే రెండో ప్యారాచూట్‌ను, ఆ పనిలో అర్హత ఉన్న రిగ్గర్ చేతనే మడతపెట్టించు. నా భయమంతా పైలట్ చూట్ గురించే. పిల్లల గొడుగంత ఉండే ఆ గుడ్డ గాలిని పట్టి లాగితేనే వీపు మీది మూటను మూసిన పిన్ను ఊడుతుంది, అసలు ప్యారాచూట్ ఉన్న సంచీ బయటికి వస్తుంది.

ఇది మీ అత్తయ్యకు కూడా చెప్పలేదు. ఆగ్రాలో నేర్చుకుని, వందల జంపులు చేశాక జరిగింది. పైలట్ చూట్‌ను సంచీకి కలిపే పట్టీ బ్రిడిల్. దాని లోపల, పని అయ్యాక పైలట్ చూట్‌ను ముడిచే దారం కిల్ లైన్. ఆ దారాన్ని సర్ది పైలట్ చూట్‌ను మళ్లీ గాలి పట్టేలా సిద్ధం చేయడమే కాక్ చేయడం. బ్రిడిల్ మీది చిన్న కిటికీలో కిల్ లైన్ రంగు కనిపిస్తే కాక్ అయినట్టు లెక్క. ఆ రోజు రంగు ఓ అంచున కాస్త కనిపించింది. చాలులే అనుకుని విమానం ఎక్కాను. పైలట్ చూట్ విసిరాను. భుజాలను పట్టి లాగే కుదుపు రాలేదు. తల తిప్పి చూస్తే, బ్రిడిల్ చివర అది వాడిన మందారంలా ముడుచుకుని ఊగుతోంది. వెయ్యి అడుగులు పడిపోవడానికి ఐదారు సెకన్లు చాలు. అందులో రెండు చూడడానికి, రెండు నమ్మడానికి పోయాయి. రిజర్వ్ లాగాను. జొన్న చేలో దిగాక చేతులు వణికి హెల్మెట్ పట్టీ కూడా విప్పుకోలేకపోయాను.

తరువాత తెలిసింది, కిల్ లైన్ పొట్టిదైపోయిందని. ప్రతి జంపులోనూ అది బ్రిడిల్ లోపల రాసుకుంటూ జారుతుంది. ఆ వేడికి స్పెక్ట్రా దారం క్రమంగా కుంచించుకుపోతుంది. అప్పుడు కాక్ చేసినా నడినెత్తి లోపలికి లాక్కుపోయి, గొడుగు సగమే నిండుతుంది. కిటికీలో రంగు ఈ సంగతి చెప్పదు. ఆకారమే చెబుతుంది.

ఆదివారం సెట్టు తీసుకుని రా. తుమ్మలపెంట ఒడ్డుకు పోదాం, సాయంత్రం సముద్రపు గాలి ఉంటుంది. కాక్ చేసి, బ్రిడిల్ పట్టుకుని గాలికి వదులు. గుండ్రంగా, అన్ని వైపులా సమంగా నిండి చేతిని గట్టిగా లాగాలి. నడినెత్తి లోతుగా గుంటపడినా, ఒక పక్కకే ఒరిగినా రిగ్గర్‌కు చూపించే దాకా దూకవద్దు. అడుగున ఉన్న వలగుడ్డను అక్కడి జాలరులు వల చూసుకున్నట్టు వేళ్లతో తడిమి చూడు. ఇసుకలో మాత్రం పెట్టకు, పాత దుప్పటి నేను తెస్తాను.

‘రిజర్వ్ ఉంది కదా మామయ్యా’ అన్నావంటే ఊరుకోను. పైలట్ చూట్ అలా వేలాడితే నేరుగా రిజర్వ్ లాగాలా, ముందు మెయిన్‌ను, అంటే అసలు ప్యారాచూట్‌ను, వదిలించుకోవాలా అన్నది మీ శిక్షకుడితో నేల మీదే తేల్చుకో. రెండు పద్ధతులూ ఉన్నాయి. పైన ఆలోచించే తీరిక ఉండదమ్మా.

ఈ ఉత్తరం మీ అమ్మకు చూపించకు. ఏ బస్సుకు వస్తున్నావో చెబితే స్టాండు దగ్గర ఉంటాను.

మీ మామయ్య